తొమ్మిది అడుగుల వాకిలి

వీపనగండ్ల కృష్ణయ్య రొట్టెలు చేయడం నేర్చుకున్నది యాభై రెండో ఏట. అంతకు ముందు ఆయన చేతులకు తెలిసినవి నాగలి మేడి, ఎద్దుల పగ్గం, అంతే. ఇప్పుడు రోజూ పొద్దున్నే పొయ్యి ముందు పీట వేసుకుని, జొన్నపిండిలో మరిగిన నీళ్లు పోసి, వేళ్లు కాలినా కాలనట్టే మొహం పెట్టి పిసికి, పళ్లెంలో తట్టుతాడు. ఆయన రొట్టె ఎప్పుడు గుండ్రంగా వస్తుందా అని పక్కింటి హన్మమ్మ గోడ మీంచి మూడేళ్లుగా చూస్తూనే ఉంది.

"అల్లుడా, గది రొట్టెనా, ఎద్దు చెవా?"

"తినేటామె ఏమంటలేదు. చూసేటోళ్లకే ఎక్కువైంది అత్తా."

హన్మమ్మ వరసకు అత్త. సొంత అత్త కంటే రెండు మాటలు ఎక్కువే అంటుంది, రెండు గిన్నెల కూర ఎక్కువే పెడుతుంది.

కృష్ణయ్య నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పప్పు పోసుకుని, సీసాలో నీళ్లు పట్టుకుని, తువ్వాల నెత్తిన వేసుకుని బయల్దేరతాడు, వాకిట్లో మంచం మీదున్న భార్యకు పెట్టి రావడానికి. వంటింటి గడప నుంచి జానకమ్మ మంచం దాకా నాలుగు వందల పన్నెండు అడుగులు.

ఒకప్పుడు తొమ్మిది. గడప మీద కూర్చుని ఆయన చెంబు అందిస్తే ఆమె రెండడుగులు వేసి అందుకునేది. హన్మమ్మ గోడ ఉన్నచోటే ఉంది. ఇటు పశువుల కొట్టం ఉన్నచోటే ఉంది. వాకిలి మాత్రం ఆ మధ్యలో పెరుగుతూ పోయింది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత. కృష్ణయ్య ఇల్లేమో విశాలమైపోయింది, ఆలేమో మాటే మానేసింది. సామెతలు కట్టినవాళ్లకు ఈ కష్టం తట్టినట్టు లేదు.

మూడేళ్ల కింద పల్లి పీకే రోజుల్లో జానకమ్మకు కడుపులో నొప్పి లేచింది. ఊళ్లో పల్లి పీకడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె ఒక సాలు ముగించి వెనక్కి తిరిగేసరికి తక్కినవాళ్లు సగంలో ఉండేవాళ్లు. "చేను అయినంక పోదాం దవాఖానకు" అంది. చేను అయ్యింది, కడుపులో పేగు కూడా పగిలింది. వనపర్తి నుంచి హైదరాబాదులోని పెద్ద దవాఖానకు పంపారు. రెండు ఆపరేషన్లు, పంతొమ్మిది రోజులు ఊపిరి మిషను. పగలూ రాత్రీ ఒకే తీరుగా వెలిగే లైట్ల కింద, గొట్టాలు పీకేసుకుంటుందని మంచానికి కట్టేసిన చేతులతో పడుకుంది. కృష్ణయ్య బయట వరండాలో పేపరు పరుచుకుని పంతొమ్మిది రోజులూ కూర్చున్నాడు. రోజుకు ఒక్కసారి, పది నిమిషాలు చూడనిచ్చేవారు. ఆ పది నిమిషాల్లో ఆయన ఏనాడూ ఒక్క మాట మాట్లాడలేకపోయాడు.

ఆమె బతికింది. బతికించిన దవాఖానవాళ్లు ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. అందులో అయిదు రకాల గోలీలు. నాలుగింటి పక్కన ఎన్ని రోజులు వాడాలో రాసి ఉంది. అయిదోది నొప్పి గోలి. దాని పక్కన "రోజుకు రెండు" అని ఉంది, రోజుల గడి ఖాళీగా ఉంది. రాసేవాళ్లకు ఫోనొచ్చిందో, నిద్రొచ్చిందో.

కృష్ణయ్యకు అది భార్య ప్రాణం రాసిచ్చిన కాగితం. బస్సు దిగీ దిగగానే వనపర్తిలో జిరాక్సు దుకాణానికి పోయి, పట్టాదారు పాసుబుక్కును చూసుకున్నట్టే చూసుకుని, ప్లాస్టిక్ వేయించాడు. ఇక అది వానకు తడవదు, చెమటకు చెరగదు, చెదలు పట్టదు. దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు కూడా. ఆ సంగతి అప్పుడు ఆయనకు తట్టలేదు.

మెడికల్ దుకాణం చంద్రశేఖర్ ఆ కాగితాన్ని రేషను కార్డును చూసినట్టు చూసేవాడు. పైన పెద్ద దవాఖాన ముద్ర, కింద సంతకం, మీద నిగనిగలాడే ప్లాస్టిక్.

"గోలీలు అయినయా కాకా? కాగితం సూపియ్యి. ఆఁ, గంతే. రోజులు రాయలేదంటే ఎప్పటికీ అనే కద."

దుకాణంవాడికీ అంతే తెలుసు, కృష్ణయ్యకూ అంతే తెలుసు.

జానకమ్మ ఇంట్లో పడుకోలేకపోయింది. కప్పు చూస్తే వార్డే గుర్తొస్తుందంది. అందుకని రేకుల చప్పరం కింద, వాకిట్లో మంచం వేశారు. గోలి వేసుకుంటే నొప్పి పోయేది, మిషను చప్పుడు పోయేది, కట్టేసిన చేతుల కల పోయేది. వాటితోపాటే పక్కన కూర్చున్న మనిషి కూడా కొంత దూరం పోయేవాడు. ఒకరోజు కృష్ణయ్య గడప మీంచి చెంబు చాపితే ఆమెకు అందలేదు. లెక్కపెడితే పదకొండు అడుగులు. దసరాకు నలభై అయ్యాయి. రెండు గోలీలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి, చివరికి ఆరు; ఎన్ని అడిగితే అన్ని ఇచ్చేవాడు చంద్రశేఖర్. అడుగులు వందలకు వెళ్లాయి.

హన్మమ్మ గోడ మీంచి చూసి తల ఊపింది. "మా చిన్నాయన కల్లుకు పడ్డప్పుడు వాళ్లింట్ల గూడ గిట్లనే అయింది. వాళ్ల వాకిలైతే మరీ బావి దాంక పోయింది" అని, తన పని తాను చూసుకుంది.

కృష్ణయ్య ఊరికే కూర్చోలేదు. పొయ్యి తీసుకెళ్లి మంచం దగ్గర పెట్టాడు. పొద్దుటికల్లా మంచం పొయ్యికి కూడా దూరం జరిగింది. మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారి చూస్తే ఆమె ఎక్కడో ఉంది, ఆయన ఎక్కడో ఉన్నాడు. ఒకరోజు బండి కట్టి, ఆమెను ఎక్కించి, ఇంటివైపు తోలాడు. ఎద్దులు పొద్దంతా నడిచాయి. ఇల్లు కళ్ల ముందే ఉంది, ఒక్క అడుగు దగ్గర పడలేదు. మోసుకొస్తే తగ్గే దూరం కాదని ఆయనకు ఆ రోజు అర్థమైంది.

బల్మూరుకు ఇచ్చిన బిడ్డ మానస, కాన్పయ్యాక పసిదాన్ని చూపించడానికి వచ్చింది. ఎర్రటి ఎండలో సగం దూరం నడిచింది. పసిది పాలకు గుక్కపెట్టి ఏడ్చింది. అక్కడ నీడ లేదు. మానస అక్కడే నిలబడి బిడ్డను పైకెత్తి చూపించింది. మంచం మీంచి జానకమ్మ చెయ్యెత్తింది. మనవరాలు ఎవరి పోలికో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం కృష్ణయ్య కొట్టంలో ఎద్దుల మధ్య నిలబడి చాలాసేపు ఏడ్చాడు, ఎద్దులు కుడితి తాగుతూ ఉన్నాయి.

మొన్న అక్టోబరులో ఒక మధ్యాహ్నం బువ్వ తీసుకుని వెళ్లేసరికి జానకమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య కృష్ణయ్య పన్నెండు లెక్కపెట్టాడు. సీసాలో నీళ్లన్నీ మొహం మీద కొట్టాడు. భుజాలు పట్టి కుదిపాడు. ఎన్నడూ పేరు పెట్టి పిలవనివాడు "జానకీ! జానకీ!" అని అరిచాడు. ఆ అరుపు ఊరి దాకా రాలేదు.

చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. "ఎందుకు లేపినవ్? మంచిగుండె."

"ఎన్ని మింగినవ్?"

"తెల్వదు. ఏసుకున్ననో లేదో యాది లేక మల్ల ఏసుకున్న."

ఆ రోజు దారిలో కృష్ణయ్య చెప్పు తెగి ఆగి ఉంటే, లేదా హన్మమ్మతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడి ఉంటే, ఆమె ఊపిరి ఆగిపోయి ఉండేది. రేపైనా అంతే. నాలుగు వందల పన్నెండు అడుగుల అవతల మనిషి ఊపిరి మానేస్తే ఇవతలివాళ్లకు తెలిసేది బువ్వ వేళకే.

బుధవారం బుధవారం ఊరికి వచ్చే డాక్టర్ ఉమారాణి దగ్గరకు పోయి, ప్లాస్టిక్ కాగితం బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాడు.

"ఆమెను తీసుకురండి."

"తేవొస్తలేదు మేడం. దూరమైంది."

"ఎంత?"

"నాలుగొందల పన్నెండు అడుగులు."

డాక్టరమ్మ ఆ సంఖ్యను బీపీ రాసే చోట రాసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు గట్టిగా తొడుక్కుని ఆయన వెంట నడిచింది. జానకమ్మ నాడి చూసింది, కళ్లలోకి టార్చి వేసింది, మంచం అంచున కూర్చుంది.

"ఇది నల్లమందు జాతి గోలి అమ్మా. ఆపరేషన్ నొప్పికి పది రోజులు వాడి ఆపాల్సింది. ఇన్నేండ్లు వాడితే ఒళ్లు దానికే అలవాటు పడుతుంది. ఎక్కువైతే ఊపిరి తీసుకునుడే మరిచిపోతది. మొన్న అయింది గదే."

జానకమ్మ మొహం తిప్పుకుంది. "నొప్పికి భయం లేదు మేడం. గోలి ఏసుకోకుంటే ఆ మిషన్ మల్ల చెవుల మొత్తుకుంటది. నా చేతులు కట్టేసుంటరు. నేను పిలుస్తుంట, ఎవ్వరికి ఇనబడదు. గా తావుకు నేను మల్ల పోను."

కృష్ణయ్య ఆ మాట మొదటిసారి విన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఇన్నాళ్లూ తాను నొప్పి అంటే కడుపే అనుకున్నాడు.

"మరి ఇట్లనే ఉంటరా?" అంది డాక్టరమ్మ.

జానకమ్మ చిన్నగా అంది. "మూడేండ్ల సంది ఉడుకు రొట్టె తినలే. ఈయన తెచ్చేవరకు శల్లగైతది. ఈయనకు చెప్పలే, పరేషానైతడని."

డాక్టరమ్మ పెన్ను తీసి కాగితం మీద రాయబోయింది. పెన్ను జారింది. ప్లాస్టిక్ మీద ఒక్క గీతా పడలేదు. "దీన్ని చింపేయండి. వేరేది రాసిస్తా" అంది. కృష్ణయ్య కాగితాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇదే మేడం ఆమెను బతికిచ్చింది." డాక్టరమ్మ కోప్పడలేదు. "అప్పుడు బతికించింది. ఇప్పుడు చంపుతుంది" అంది. చేత్తో చింపితే చిరగలేదు. ఇంటికి పోయి కొడవలి తెచ్చి కోశాడు.

కొత్త కాగితంలో తేదీలున్నాయి. ఒక్కసారిగా ఆపొద్దు, ప్రమాదం. పది రోజులకు అరగోలి చొప్పున తగ్గించాలి. గోలీలు కృష్ణయ్య దగ్గరే ఉండాలి, వేళకు ఆయనే ఇవ్వాలి. ప్రతి బుధవారం డాక్టరమ్మ వచ్చి చూస్తుంది.

"మొత్తం నూట ఇరవై రోజులు" అంది.

"అంటే ఒక పల్లి పంట కాలం" అన్నాడు కృష్ణయ్య.

నోటి నుంచి వచ్చిన ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. మూడేళ్లుగా కళ్ల ముందు అంత నేల ఖాళీగా పడి ఉంది. మర్నాడే నాగలి కట్టి, గడప దగ్గర మొదలుపెట్టి మంచం కాళ్ల దాకా ఒకే ఒక్క సాలు తోలాడు. ఇంట్లో మిగిలిన విత్తనాలు సాలు పొడుగునా వేసుకుంటూ వెళ్లాడు. బోరు పైపు లాగి నీళ్లు వదిలాడు.

"వాకిట్ల పల్లి ఏసినోన్ని నిన్నే చూస్తున్న అల్లుడా" అంది హన్మమ్మ.

"పందులు రాకుండ జర సూడు అత్తా."

మొలకలు వచ్చాయి. మంచం మీద జానకమ్మకు ఆవలింతలు, చెమటలు, కాళ్లు పీకుడు, కడుపు కదలడం మొదలయ్యాయి. రెండో నెలలో ఒక పగలు ఆమె గొంతు వంటింటి దాకా వినబడింది, సన్నగా, బావి అడుగు నుంచి వచ్చినట్టు. "గోలి తే! నీ కాల్మొక్కుత, ఒక్కటి తే!"

ఆ పూట గోలి ఎప్పుడో ఇచ్చేశాడు. అయినా కృష్ణయ్య తట్టుకోలేక మెడికల్ దుకాణానికి పరుగెత్తాడు. కొత్త కాగితం తీసుకుపోలేదు. చంద్రశేఖర్ ఆయన మొహం చూసి ఏమీ అడగకుండా ఒక పట్టీ తీసి అద్దం మీద పెట్టాడు.

"కాగితం లేకున్న ఇస్త కాకా. మూడేండ్ల సంది ఎరికే గద."

కృష్ణయ్య పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. పది గోలీలు. తీసుకుపోతే ఇవాళ ఆమె నవ్వుతుంది. నీలం పెదవులు గుర్తొచ్చాయి. పట్టీని అద్దం మీద పెట్టేసి, "ఇంక ఎన్నడు అడిగినా ఇయ్యకు కొడుకా. నేను ఏడ్చుకుంట వచ్చినా ఇయ్యకు" అన్నాడు. చంద్రశేఖర్ పట్టీని లోపల పెట్టి, తర్వాత చాలాసేపు అద్దం తుడుస్తూ ఉన్నాడు.

తేలేదని చెప్పడానికి నాలుగు వందల పన్నెండు అడుగులూ నడిచి వెళ్లాడు. జానకమ్మ చెంబు విసిరింది. అది ఆయన భుజానికి తగిలింది. ఆయన చెంబు తీసి పక్కన పెట్టి, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని పిసికాడు.

"మిషన్ ఇనబడుతుందా?"

"ఇనబడుతుంది."

"నేను ఆ వరండాల్నే ఉంటి జానకీ. పంతొమ్మిది దినాలు. నువ్వు పిలిస్తే ఇనబడలేదు గని, ఆడ్నే ఉంటి."

ఆమె పాదాలను ఆయన ఒళ్లోనే ఉంచింది. ఆయన అక్కడే నేల మీద నిద్రపోయాడు. తెల్లారి లేచి చూస్తే మంచం కోడు తల దగ్గరే ఉంది. ఆయన పక్కన పడుకున్న రాత్రి మంచం దూరం జరగకపోవడం మూడేళ్లలో ఇదే మొదటిసారి. ఇంటికి నడుస్తూ లెక్కపెట్టాడు, నాలుగు వందల పన్నెండే. తగ్గలేదు, పెరగనూ లేదు. ఆ మాత్రానికే ఆ రోజు ఎద్దులకు చిట్టు ఎక్కువ పెట్టాడు.

ఫిబ్రవరి మొదట్లో ఆకు పండుబారింది. పల్లి పండిందో లేదో చూడాలంటే ఒక చెట్టు పీకి, కాయ పగలగొట్టి, పొట్టు లోపలివైపు చూడాలి. నల్లబడితే పండినట్టు. రైతు కుటుంబంలో పుట్టినవాళ్లు పండిన సాలు పక్కన కూర్చుని ఆ పని చేయకుండా ఉండలేరు. జానకమ్మ మంచం మీంచే చెయ్యి చాపి, కాలి దగ్గరి చెట్టు ఒకటి పీకింది. నల్లగా ఉంది. రెండోది పీకింది. చేతులు వాటంతట అవే మూడోదానికి పోయాయి. నాలుగోది అందక మంచం దిగింది.

ఆ మధ్యాహ్నం కృష్ణయ్య నడక మూడు వందల తొంభై అడుగుల దగ్గర ముగిసింది. లెక్క తప్పిందనుకున్నాడు. వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాడు. సరిగ్గా అంతే. పీకిన చెట్లు మంచం పక్కన కుప్పగా ఉన్నాయి. చెట్లు పోయిన చోట ఉండాల్సిన నేల లేదు. ఆయన పైకి ఒక్క మాట అనలేదు. అంటే ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

ఆమె రోజుకు కొంత పీకింది. కూర్చుని, పాకుతూ, కడుపు పట్టుకుని. మంచం ఆమె వెనకే వచ్చింది. ఒక వారం పొడుగునా ఒక్క చెట్టూ పీకలేదు. చివరి అరగోలి ఆగిన వారం అది. ముడుచుకుని పడుకుంది, రెండు వందల అడుగుల దగ్గర. ఇవతల నేల గట్టిపడుతోంది. ఇంకా ఆలస్యమైతే కాయలు భూమిలోనే తెగిపోతాయి, మొలకెత్తుతాయి. పండిన పంటను చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం రైతుకు ఎంత నరకమో రైతుకే తెలుసు. హన్మమ్మ ఉండబట్టలేక గడప దగ్గరి చెట్టు మీద చెయ్యి వేసింది.

"ముట్టకత్తా!"

"ఓరి, పాడైతది గద! నేనో చెయ్యేస్త, ఇద్దరం పీకుదాం."

"పాడైతె కానీ. గది ఆమె సాలు."

హన్మమ్మ ఆయన్ని కాసేపు చూసి చెయ్యి తీసేసింది. పైపు విప్పి, సాలు మెత్తబడేలా నీళ్లు వదిలి, గోడ అవతలికి పోయింది.

ఎనిమిదో రోజు జానకమ్మ మళ్లీ ఒక చెట్టు పీకింది.

శివరాత్రి దాటిన మర్నాడు పొద్దున కృష్ణయ్య పెనం మీద రొట్టె తిప్పుతున్నాడు. బయట చప్పుడు వినబడింది. పీకిన పల్లి చెట్టును అరచేతికేసి కొట్టి మన్ను దులిపే చప్పుడు. ఆ చప్పుడు విని మూడేళ్లయింది. తల తిప్పకుండానే అది ఎవరి చెయ్యో తెలిసింది. ఊళ్లో ఇంకెవరూ రెండుసార్లు కొట్టి మూడోసారి విదిలించరు.

జానకమ్మ గడప మీద కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. చేతులకు మోచేతుల దాకా మన్ను. చివరి చెట్టు ఒళ్లో పెట్టుకుంది. ఆమె వెనక చప్పరం కింద ఖాళీ మంచం. కృష్ణయ్య అప్పుడు కాదు గానీ, తర్వాత లెక్కపెట్టాడు. పదకొండు అడుగులు. ఎన్నిసార్లు కొలిచినా తొమ్మిదికి రాలేదు. ఆ రెండూ అట్లాగే ఉండిపోయాయి.

ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. పెనం మీది రొట్టె తీసి, నేరుగా ఆమె చేతిలో పెట్టాడు.

"అబ్బ! కాలింది! కండ్లు కనవడ్తలెవ్వా నీకు? గిట్లనా ఇచ్చేది?"

రొట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వేసుకుంటూ తిడుతోంది. గోడ మీద హన్మమ్మ తల లేచింది, మళ్లీ దిగిపోయింది. కృష్ణయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు.

"నొస్తుందా?"

"నొస్తుంది" అంది జానకమ్మ. "కడుపు నొస్తుంది, నడుము నొస్తుంది, ఇప్పుడు నువ్వు చెయ్యి గూడ కాల్చినవ్. మానసకు ఫోన్ చెయ్యి. పిల్లను తీస్కరమ్మను."

రొట్టె విరిచింది. లోపల్నుంచి ఆవిరి వచ్చింది. ఊదకుండానే నోట్లో పెట్టుకుని, నాలుక కాలి కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నమిలింది.

"ఇది ఎద్దు చెవి లెక్కనే ఉంది. ఇంకో రొట్టె ఎయ్యి" అంది.